స్థిరాస్తి జీపు

వేమలదిన్నె మండల కార్యాలయం ముందున్న ట్రాన్స్‌ఫార్మరు ఏప్రిల్ నెలలో ఒక గాలివానకి ఢామ్మని పేలి ప్రాణం విడిచింది. కొత్తది కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు కాగితం మీద రాసిస్తే చెల్లదు, కంప్యూటర్లోనే పెట్టాలి. కంప్యూటరు నడవాలంటే కరెంటుండాలి. కరెంటుండాలంటే ట్రాన్స్‌ఫార్మరుండాలి.

తహసీల్దారు చామర్తి భాస్కర నారాయణ గారు ఈ నాలుగు వాక్యాల చుట్టూ మూడు రోజులు తిరిగారు. బజారులో ఏ నెట్టు సెంటర్లోనో పెట్టించొచ్చు గానీ, ప్రభుత్వ రహస్య సంకేతపదం ప్రైవేటు యంత్రంలో కొట్టరాదని మరో ఉత్తర్వుంది. ఆయన చెడ్డవారు కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఏ కాగితం మీదా తన సొంత ఆలోచన పడకుండా కాపాడుకున్న మనిషి.

నాలుగో రోజు పొద్దున జీపు డ్రైవరు పితాని నూకరాజు తలుపు దగ్గర నిలబడి చెవి గోక్కున్నాడు.

"ఆయ్, నాదో మాటండి. మా బావమర్దున్నాడండి, పెళ్ళి వీడియోలు తీత్తాడు. ఊరేగింపులో కారు బ్యాటరీకి డబ్బా ఒకటి తగిలించి, దాన్నుంచి కంప్యూటరు నడుపుతాడండి. ఇన్వర్టరంటారు. మన జీపుకీ తగిలిద్దామాండి?"

తహసీల్దారు గారు కంప్యూటరు ఆపరేటరు మేరీ సుగుణ వైపు చూశారు. ఆ అమ్మాయి తల ఊపింది.

"అవుతుంది సార్. జీపులో సిగరెట్టు వెలిగించుకునే రంధ్రానికి పెడితే మాత్రం ఫ్యూజు ఎగిరిపోద్ది. లావుపాటి వైరు సరాసరి బ్యాటరీకే బిగించాలి. ఇంజను ఆన్‌లోనే ఉంచాలి, లేపోతే గంటలో బ్యాటరీ పడుకుంటుంది."

"నిబంధనలు ఒప్పుకుంటాయా?"

"ఒప్పుకోవని ఎక్కడా లేదండి," అన్నాడు నూకరాజు.

ఆ విధంగా జీపు వెనక్కి వచ్చి కార్యాలయం కిటికీకి వీపు ఆనించి నిలబడింది. ఎర్ర వైరొకటీ నల్ల వైరొకటీ బానెట్లోంచి డబ్బాలోకీ, డబ్బాలోంచి ఒక తెల్ల వైరు కిటికీ ఊచల మధ్యగా మేరీ సుగుణ బల్ల మీదికీ వెళ్ళాయి. ఇంజను గుర్రుమంది. కంప్యూటరు కళ్ళు తెరిచింది. దరఖాస్తు వెళ్ళింది. "మీ అభ్యర్థన స్వీకరించబడినది. నలభై ఐదు పనిదినములు వేచి ఉండగలరు" అని జవాబొచ్చింది.

కథ అక్కడితో ఆగేదే. కానీ తెల్ల వైరు కిటికీలోంచి వచ్చాక దాన్ని మళ్ళీ బయటికి పంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. రెండో రోజు ఫ్యాను తగిలించారు. మూడో రోజు ప్రింటరు. ప్రింటరు కాగితం మింగినప్పుడల్లా డబ్బా కీచుమని అరిచేది, నూకరాజు బయట యాక్సిలేటరు తొక్కేవాడు. కులధ్రువీకరణ పత్రానికి ఒక తొక్కు, పొలం అడంగల్‌కి రెండు తొక్కులు. కాలి కింద ఇంజను మోత వినే ఏ పత్రం వస్తోందో చెప్పగలిగే స్థాయికి చేరాడతను.

నెల తిరిగేసరికి తనిఖీ అధికారి కనకాంబరం గారొచ్చి జీపు లాగ్‌బుక్కు తెరిచారు.

"డీజిలు వెళ్ళింది. కిలోమీటర్లు రాలేదు," అన్నారాయన, ఇంట్లో దొంగలు పడ్డారన్నంత మెల్లగా.

"జీపు నిలబడే ఉందండి. కంప్యూటర్లకి వాడాం," అన్నారు తహసీల్దారు గారు.

"చూడండి. ప్రభుత్వ వాహనమునకు డీజిలు ఇచ్చేది తిరుగుటకు. తిరగని వాహనమునకు డీజిలు అన్న పద్దు నా పుస్తకంలో లేదు. మీరు దేనికి వాడుకున్నారన్నది నాకు అప్రస్తుతం. మీటరు తిరగాలి."

"మీటరు తిరగాలంటే జీపు ఊళ్ళు పట్టుకు తిరగాలి. ఊళ్ళు తిరిగితే ఇక్కడ కంప్యూటర్లు ఆగిపోతాయి గదండీ?"

కనకాంబరం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "జీపు కదలాలని నేననలేదు. మీటరు తిరగాలన్నాను. రెంటినీ కలిపి గందరగోళపడకండి."

ఆ సాయంత్రమే జీపు వెనక భాగాన్ని జాకీల మీద లేపి, ఇనప స్టాండ్ల మీద కూర్చోబెట్టారు. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టారు. నూకరాజు గేరు వేసి క్లచ్చి వదిలాడు. వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరిగాయి, మీటరు ముల్లు ఇరవై మీదికొచ్చి నిలిచింది. రోజుకి ఎనిమిది గంటలు, నూట అరవై కిలోమీటర్లు. పర్యటన డైరీలో "వేమలదిన్నె నుండి వేమలదిన్నెకు, వయా వేమలదిన్నె" అని రాసుకున్నారు. కనకాంబరం గారు తృప్తిగా సంతకం పెట్టబోయి మళ్ళీ ఆగారు.

"అధికారి లేకుండా వాహనం నడపరాదు. పదిహేడో నిబంధన."

మర్నాటి నుంచి తహసీల్దారు గారి కుర్చీ ఖాళీ. ఆయన జీపు ముందు సీట్లో ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. పక్కన నూకరాజు రెండు చేతులా స్టీరింగు పట్టుకుని నిటారుగా ఎదురుగా ఉన్న ప్రహరీ గోడని చూస్తూ ఉండేవాడు. అర్జీలు పట్టుకొచ్చిన జనం జీపు పక్కన వరసకట్టేవాళ్ళు. ఒకాయన కొత్తగా వచ్చి, చక్రాలు తిరగడం చూసి, "ఏ ఊరెళ్తందండీ? నన్ను సెంటర్లో దింపుతారా?" అని వెనక ఎక్కి కూర్చున్నాడు కూడా. పావుగంటయ్యాక గోడ ఇంకా అక్కడే ఉండడం గమనించి, కండువా దులుపుకుని దిగిపోయాడు.

నూకరాజుకి మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను నవ్వు పోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ మండలంలో ఏ లంకకి ఏ గట్టు మీదుగా వెళ్ళాలో, ఏ కాజ్‌వే మీద ఏ నెలలో ఎంత నీళ్ళుంటాయో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. పాము కరిచినవాళ్ళని తీసుకెళ్ళాడు, నొప్పులొచ్చిన ఆడవాళ్ళని తీసుకెళ్ళాడు. ఇప్పుడు రోజుకి నూట అరవై కిలోమీటర్లు తోలి అదే గోడ ముందు దిగుతున్నాడు.

"పొద్దస్తమానం జీపు తోలొచ్చానంటావు, కాళ్ళకి పిసరు దుమ్ముండదు. నిజంగా ఆఫీసుకే ఎల్తున్నావా?" అంది ఒకరోజు అన్నం పెడుతూ భార్య వరాలు.

అతను తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. చెబితే నమ్మదు.

ముప్ఫై తొమ్మిదో పనిదినాన లారీలో కొత్త ట్రాన్స్‌ఫార్మరు దిగింది. నూకరాజు పరుగున వెళ్ళి లారీ డ్రైవరుకి స్వయంగా టీ తెచ్చి ఇచ్చాడు. కానీ సరిగ్గా ఆ వారమే పరిపాలనా సంస్కరణల సంచాలకుల వారు జిల్లాలో పర్యటిస్తూ, గాల్లో చక్రాలు తిరుగుతున్న ఈ జీపుని చూసి కారాపించారు.

ఆయన జీపు చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"అద్భుతం. వాహనం నుంచి విద్యుత్తు, విద్యుత్తు నుంచి పత్రం, పత్రం నుంచి ప్రజ. దీన్ని మనం 'చక్రశక్తి పాలన' అందాం. ఈ కార్యాలయం విద్యుత్ స్వావలంబన సాధించింది. అదేంటి, ఆ లారీలో?"

"ట్రాన్స్‌ఫార్మరండి," అన్నారు తహసీల్దారు గారు.

"స్వావలంబన సాధించిన కార్యాలయానికి ట్రాన్స్‌ఫార్మరా! స్వావలంబనకి అది అవమానం కాదూ? వెనక్కి పంపండి."

ట్రాన్స్‌ఫార్మరు వెనక్కి వెళ్ళిపోయింది. పదిరోజుల్లో స్తంభాల మీది తీగలు కూడా విప్పుకుపోయారు. ఆ తర్వాత ఉత్తర్వులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. స్టాండ్ల కింద సిమెంటు దిమ్మ కట్టారు. పక్కనున్న వ్యవసాయ కార్యాలయానికీ పశువుల ఆసుపత్రికీ ఇదే డబ్బా నుంచి వైర్లు లాగారు. దిమ్మ మీదున్నది కదలదు కనుక దాన్ని జంగమాస్తుల రిజిస్టర్లోంచి తీసి స్థిరాస్తుల రిజిస్టర్లో ఎక్కించారు. స్థిరాస్తి అన్నాక డోరు నంబరుండాలని పంచాయతీ వాళ్ళొచ్చి జీపు తలుపు మీద తెల్ల రంగుతో 4-17/ఏ అని రాసిపోయారు. నూకరాజు ఉద్యోగం పేరు కూడా మారింది. అతనిప్పుడు డ్రైవరు కాదు, చక్రశక్తి కేంద్ర పర్యవేక్షకుడు. "కేంద్రమును స్థలాంతరం చేయుట శిక్షార్హము" అని గోడకి బోర్డు వేలాడదీశారు, అతని కళ్ళకి సరిగ్గా ఎదురుగా.

ఆగస్టులో గోదారి పొంగింది.

మొదటి హెచ్చరిక ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా రెండోది వచ్చింది. మండలంలో అన్నిటికంటే పల్లంలో ఉన్నది ఉల్లిలంక. అక్కడికున్న ఒకే ఒక్క దారి కాజ్‌వే. మధ్యాహ్నానికి దాని మీద మనిషి నిలబడలేడు. లంకలో నలభై ఒక్కమంది ఉన్నారు. పడవలు పై మండలాల్లో ఉన్నాయి, సాయంత్రానికి గానీ రావు. అప్పటికే మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయని ఆటోలవాళ్ళు చేతులెత్తేశారు. ఆ నీళ్ళలో వెళ్ళగలిగినంత ఎత్తున్న బండి మండలంలో ఒక్కటే ఉంది. దాని డోరు నంబరు 4-17/ఏ.

తహసీల్దారు గారు నిబంధన ప్రకారం జీపులోనే కూర్చున్నారు.

"లంక ఖాళీ చేయించాలంటే ఉత్తర్వు కావాలి నూకరాజూ. ఉత్తర్వుకి నంబరు కంప్యూటర్లోంచే రావాలి. కంప్యూటరు నడవాలంటే జీపు ఇక్కడే ఉండాలి. జీపు ఇక్కడుంటే ఉత్తర్వు లంకకి ఎలా వెళ్తుంది?"

"ఉత్తర్వు లేకుండా ఎల్తే ఏమవుద్దండీ?"

"నా సర్వీసులో ఎప్పుడూ అలా వెళ్ళలేదయ్యా," అన్నారాయన. అది గర్వంగా అనలేదు, సిగ్గుగా అన్నారు.

నూకరాజు బోర్డు వైపు ఒకసారి చూశాడు. ఉల్లిలంక గట్టు మీద ఎవరి ఇల్లెక్కడో అతని కళ్ళముందు తిరిగింది. మంగతాయమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు. కోటిలింగం కోడలికి నెలలు నిండాయి.

అతను ఇంజను ఆపాడు. లోపల కంప్యూటర్లు, ఫ్యానులు, పశువుల ఆసుపత్రి ఫ్రిజ్జు ఒక్కసారిగా మూగబోయాయి. దిగి వెనక్కి వెళ్ళి జాకీ బిగించి, స్టాండ్లు లాగేసి, జాకీ దించి, ముందు చక్రాల రాళ్ళు తన్నేశాడు. వెనక చక్రాలు మూడు నెలల్లో మొదటిసారి నేలకి ఆనాయి.

"మేరీయమ్మా! ఆ కంప్యూటరూ ప్రింటరూ ఎత్తుకుని వెనకాల ఎక్కెయ్. డబ్బా నేను జీపులో పడేత్తాను."

"ఎక్కడికయ్యా?" అన్నారు తహసీల్దారు గారు కంగారుగా, సీటు పట్టుకుని.

"ఎక్కడికీ లేదండి. తమరున్నారు, కంప్యూటరుంది, కరెంటుంది. ఆఫీసంటే ఇదే గదండి. ఇది ఎక్కడుంటే అక్కడే ఆఫీసు. తమరు కదలకుండా కూర్చోండి, చాలు."

జీపు గేటు దాటింది. గోడ పక్కకి తప్పుకుని వెనక్కి పోయింది. నూకరాజు రెండో గేరు వేశాడు. వెనక సీట్లో మేరీ సుగుణ కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని, ప్రింటర్ని కాళ్ళమధ్య ఇరికించుకుని, గుంతల్లో పడ్డప్పుడల్లా ఒకో అక్షరం తప్పు కొడుతూ ఉత్తర్వు తయారుచేసింది. కాజ్‌వే సగానికి వచ్చాక నీళ్ళు చక్రాల ఇరుసుని ముంచుతుండగా డబ్బా కీచుమంది. నూకరాజు అలవాటుగా యాక్సిలేటరు తొక్కాడు. జీపు ముందుకీ, కాగితం బయటికీ ఒకేసారి వచ్చాయి. తహసీల్దారు గారు ఒక చేత్తో పైకప్పు కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో సంతకం పెట్టారు.

మూడు విడతలు తిరిగారు. మొదటిసారి పిల్లలూ, కోటిలింగం కోడలూ. రెండోసారి ముసలివాళ్ళు. మూడోసారి మిగిలినవాళ్ళు. మంగతాయమ్మ రెండో విడతలో రావలసింది, మేక లేందే రానని గడప పట్టుకు కూర్చుంది. చివరికి మూడో విడతలో మేక తహసీల్దారు గారి ఒళ్ళో ఎక్కింది. ఫైళ్ళు పెట్టుకునే చోటే పెట్టుకున్నారాయన దాన్ని. అప్పటికి నీళ్ళు జీపు లోపలికి వచ్చి అందరి పాదాలూ తడిపాయి. ఇంజను దగ్గింది. నూకరాజు తొక్కు వదల్లేదు. ఈవలి గట్టు ఎక్కి వెనక్కి చూస్తే కాజ్‌వే కనిపించలేదు.

నలభై ఒక్కమందీ కార్యాలయం వరండాలో సర్దుకున్నారు. కోటిలింగం కోడలు రెండురోజులకి ఆసుపత్రిలో ఆడపిల్లని కన్నది. వారానికి వరద తీసింది. జనం తమ లంకకి వెళ్ళిపోయారు.

పదో రోజున నూకరాజుకి మెమో వచ్చింది. "స్థిరాస్తిని స్థలాంతరం చేయుట, తద్వారా మూడు కార్యాలయములను చీకటిపాలు చేయుట" నేరం. విచారణ ముగిసేవరకు సస్పెన్షను. నేరం రుజువైతే ఉద్యోగం నుంచి తొలగింపు.

"మంచిపని చేత్తే గదా ఇది?" అంది వరాలు మెమో తిరగేసి చూస్తూ. "అదేదో సెడ్డపని చేసుంటే ఏమిచ్చేవోరో."

"బోర్డు సదివే ఎల్లానే," అన్నాడు నూకరాజు.

విచారణాధికారి అడపా వైకుంఠం గారు వరండాలో బల్ల వేయించుకున్నారు. ముందు మీటరు చూశారు, డైరీ చూశారు, నుదురు ముడేశారు. తర్వాత తహసీల్దారు గారిని పిలిచారు.

"సంఘటన రోజున వాహనం కదిలినదా? అవునా, కాదా?"

భాస్కర నారాయణ గారికి చెమట పట్టింది. ఎదురుగా నూకరాజు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నేను ఆద్యంతం వాహనంలోనే కూర్చుని ఉన్నానండి. ఉదయం నాకూ వాహనానికీ మధ్య ఎంత దూరం ఉందో, సాయంత్రమూ అంతే ఉంది. నా దృష్టికి వచ్చినంతవరకు కదలలేదు."

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన సొంతంగా ఆలోచించి చెప్పిన మొదటి వాక్యమది. వైకుంఠం గారు రాసుకున్నారు.

తర్వాత లంకవాళ్ళు. వాళ్ళు దారిలో ఏం మాట్లాడుకుని వచ్చారో గానీ, అందరిదీ ఒకటే మాట. జీపు కదల్లేదు. ఆఖరికి మంగతాయమ్మని కుర్చీలో కూర్చోబెట్టారు.

"అమ్మా, నిజం చెప్పాలి. ఆ రోజు జీపు మీ లంకకి వచ్చిందా?"

"జీపు కదల్లేదు బాబూ. ఎలా కదులుద్ది? ఇంటి నంబరేశారు గదా దానికి."

"మరి మీరంతా ఇక్కడికెలా వచ్చారు?"

"మేవెక్కడికీ రాలేదయ్యా. గోదారొచ్చింది గదా, లంకే కదిలి ఇక్కడికొచ్చింది. మేం దాని మీదున్నాం. మేకతో సహా."

వైకుంఠం గారు కలం పట్టుకుని ఆమెనీ, మీటర్నీ మార్చి మార్చి చూశారు. ఆయన మనసు తర్కానికి అలవాటుపడింది. కదలకుండా ఉన్నప్పుడు రోజుకి నూట అరవై కిలోమీటర్లు తిరిగిన వాహనం, సంఘటన రోజున ఇరవై తొమ్మిదే తిరిగింది. అంటే ఆ రోజు అది మామూలుకంటే మరింత కదలకుండా ఉన్నదన్నమాట. పైగా సాక్షులందరూ ఏకకంఠంగా చెబుతున్నారు.

ఆయన రాశారు: "వాహనము కదలలేదు. ఉల్లిలంక గ్రామము కదిలినది. పర్యవేక్షకుడు నిర్దోషి. గ్రామము స్థలాంతరమునకు అనుమతి పొందినదీ లేనిదీ విచారించి, పటములు సవరించుటకై సర్వే శాఖకు పంపడమైనది."

ఇరవై రోజుల్లో సర్వే శాఖ నుంచి జవాబొచ్చింది. ఉల్లిలంక పూర్వం ఎక్కడ ఉండేదో స్వయంగా చూడాలి, తమ సిబ్బందికి దారి తెలిసిన డ్రైవరుతో సహా ఒక జీపు ఏర్పాటు చేయవలెను, ఇది అత్యవసరం.

తహసీల్దారు గారు ఆ కాగితం రెండుసార్లు చదివి నూకరాజు చేతిలో పెట్టారు. "డ్రైవరు అని రాశారయ్యా," అన్నారు మెల్లగా. "పర్యవేక్షకుడు అనలేదు."

సర్వేయరు ఒకడు, అతని గొలుసులు, జెండాలు జీపులో ఎక్కాయి. వరద కడిగిన కాజ్‌వే మీద ఒండ్రు ఎండి మెరుస్తోంది. నూకరాజు జీపుని ఉల్లిలంక గట్టెక్కించి, మంగతాయమ్మ ఇంటి ముందు ఆపాడు. గడపలో కూర్చుని ఆమె మేకకి ఆకు పెడుతోంది. సర్వేయరు పటం విప్పాడు, మళ్ళీ మడిచాడు, ఊరంతా కలయజూశాడు.

"అమ్మా, ఉల్లిలంక మండలం ఆఫీసుకి వెళ్ళిపోయిందని రిపోర్టుంది. మరి ఇదేంటి?"

"ఉల్లిలంకే నాయనా. వరద తీసింది గదా, తిరిగొచ్చేసింది."

సర్వేయరు జేబులోంచి నమూనా పత్రం తీశాడు. అందులో ఒక గడి దగ్గర అతని కలం ఆగింది.

"ఏ వాహనంలో వచ్చింది?"

మంగతాయమ్మ నూకరాజు వైపు చూసింది. నూకరాజు ఆకాశం వైపు చూశాడు.

"అయ్యో, వాహనాలు కదలకూడదంట గదయ్యా," అందామె. "పాపం, నడిచే వచ్చింది."

సర్వేయరు తల ఊపి, గడిలో "కాలినడకన" అని రాసుకున్నాడు.